కాంటా సాబు సూదుల చెట్లు

పోయిన చలికాలం హైదరాబాదులో మా చెల్లెలి ఇంటికి పోతే ఆమె నన్ను పూల ప్రదర్శనకు లాక్కుపోయింది. టిక్కెట్టు కొని మరీ పూలు చూడటమేమిటని గొణుక్కుంటూ తిరుగుతున్నదాన్ని, ఒక మూల బెంగుళూరు నర్సరీ వాళ్ళ కుండీల ముందు ఆగిపోయాను. సూదుల్లాంటి ఆకులు. కొమ్మ చివర ఉంగరాలు తిరిగిన ఎర్రటి పోగుల గుత్తి. పక్క కుండీలో అదే చెట్టు, పూలు మాత్రం తేనె రంగు. ఆ పక్కన గులాబీ రంగు కలిసిన తెలుపు, దాని పక్కన కుండీ అంచు మీదుగా కిందికి పాకేది, చివరన ముళ్ళు పోగొట్టి మెత్తబరిచిన రకం.

"దీని పేరేమిటయ్యా?" అన్నాను.

"గ్రెవీలియా అమ్మా. ఈ చివరిది కొత్త రకం. పిల్లలున్న ఇంట్లో పెట్టుకోవచ్చు, గుచ్చుకోదు." నేను కొనే మనిషిలా కనిపించానేమో, అతను ఇంకా చెప్పాడు. "ఎండకు తట్టుకుంటుంది. మొరం నేలైనా బతుకుతుంది. ఎరువు మాత్రం పెట్టొద్దు. ఎముకల పొడి, సూపర్ ఫాస్ఫేటు, చెరుకు ఫ్యాక్టరీల వైపు మడ్డి వేస్తారు చూడండి, అదైతే అసలు వద్దు. ఆకు పసుపుబారి, అంచులు మాడి చచ్చిపోతుంది. ఆకలితో పసుపుబారిందనుకొని ఇంకా వేస్తారు కొందరు. ఇంకా తొందరగా పోతుంది."

నేను అక్కడే సిమెంటు గట్టు మీద కూర్చుండిపోయాను. కళ్ళు తిరిగాయనుకొని చెల్లెలు సోడా తెచ్చింది. కళ్ళు తిరగడం కాదు, ఏమీ కాదు. ఆ మాట చెప్పవలసిన మనిషి పోయి రెండేళ్ళయింది. కుండీ కింద రాలి ఉన్న ఎర్ర గుత్తినొకదాన్ని ఏరి రుమాలులో మడుచుకున్నాను.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర ఆయన గుమాస్తా. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉండేది కాని దాన్ని పలికినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ కాంటా సాబే. పెళ్ళయి నేను బోధన్ వచ్చిన కొత్తలో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలోనే, ఫ్యాక్టరీ క్వార్టర్లలో మా గోడకు ఆనుకున్న గోడ వాళ్ళది. మా ఆయన మిల్లులో ఫిట్టరు. పక్కింట్లో ఎవరుంటారో చెప్పగానే నా మొహం మాడిపోయింది.

ఎందుకంటే ఆ మనిషి మా బాపు బండిని వాపసు పంపిన మనిషి. మా బాపు నవీపేట దిక్కు రైతు. రాత్రంతా బండి మీద కునికి, తెల్లవారి వరసలో నిలబడి, తన వంతు వచ్చేసరికి కాంటా సాబు చెరుకు మీద ఒక చూపు చూసి, "కొసలు కొట్టలే, ఆకు ఒల్వలే. పక్కకు తీసి సాపు జేసి తే" అన్నాడట. బాపు బతిమాలాడు. "నన్నడుగకు. కాంటా నడుగు. అదేం జెప్తే గదే రాస్త" అన్నాడట. ఎవరు బతిమాలినా ఆయన చెప్పే మాట అదే. ఆ ఇనప సామానుకు తాను నౌకరునన్నట్టు మాట్లాడేవాడు. బాపు ఎండలో కూర్చుని బండెడు చెరుకూ ఒలుచుకున్నాడు. ఆ కథ మా ఇంట్లో ఏళ్ళ తరబడి నడిచింది.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెడ దాకా బొత్తాలు పెట్టిన చొక్కా. ఆయన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, చేతులు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే చాలు, రెండు చేతులూ వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకునేవి. చెరుకు గడ కావచ్చు, కొత్త బెల్లం ముక్క కావచ్చు, ఉల్లాకు కట్ట కావచ్చు. కాంటా దగ్గర రైతులు తాగించే చాయ్ కూడా తాగేవాడు కాదు. ఇచ్చేవాడి చెయ్యి గాల్లో ఆగిపోయి, కాసేపటికి సిగ్గుపడి వెనక్కి పోయేది.

మొదటి ఉగాదికి నేను గిన్నెలో పచ్చడి తీసుకుపోతే వాకిట్లో ఆయనే ఉన్నాడు. చేతులు వెనక్కి పోయాయి.

"మీ బాపు చెరుకు తోల్తడు గదమ్మా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నా పచ్చడిలో వేపపువ్వు వేశాను కాని లంచం వెయ్యలేదే. పరదా వెనక నుంచి ఆయన భార్య గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి గిన్నె అందుకుంది. "ఆయన మాట ఇడ్సిపెట్టు చెల్లె. నాకియ్యి" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు ఆపా, అంటే అక్క. నేను ఆమెతో మాట్లాడేదాన్ని, ఆయనతో పోట్లాడేదాన్ని. అంట్ల నీళ్ళు వాళ్ళ గోడ వైపు పారుతున్నాయని ఆయన, పారకుంటే నెత్తిన పోసుకోవాలా అని నేను.

వాళ్ళకు ఒక్కతే ఆడపిల్ల. మాటలు బాగా వచ్చి, కాళ్ళు నిలవని వయసు. మా గడప మీద కూర్చుని నేను ఏరుతున్న బియ్యంలో రాళ్ళన్నీ తనకే కావాలనేది. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి సందులోకి రాగానే పరుగెత్తుకు పోయి ఆయన వెనక చేరేది. వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్లో ఆ రాళ్ళు పెట్టేది. ఒక్కోరోజు చింతగింజ, ఒక్కోరోజు నా ఇంట్లోంచి ఎత్తుకుపోయిన బొత్తాం. ఆయన వెనక్కి చూడకుండానే పిడికిలి మూసేవాడు. ఇంట్లోకి పోయాకే విప్పి చూసేవాడట. లోకంలో ఆయన చేతులు అందుకున్నవి అవే.

ఒక వానాకాలం ఆ పిల్లకు కంఠసర్పి సోకింది. పొద్దున గొంతు నొప్పి అన్న పిల్ల మరునాటికి లేదు. నేను ఆపా పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు, మాట్లాడకుండా ఉంటే బాగుండేదని మాత్రం గుర్తుంది.

వాళ్ళ శ్మశానం, ఖబరస్తాను, రెంజల్ పోయే బండ్ల బాట పక్కన ఉంది. చిన్న మొరం దిబ్బ. మూడు వైపులా చెరుకు. చెరుకులో నక్కలు. అందుకని ఎవరిని పెట్టినా పచ్చి గోరీ మీద తుమ్మకంప కప్పి రాళ్ళు పెడతారు. చంటిపిల్లలను పాతిపెట్టినచోట మావాళ్ళూ అదే చేస్తారు. కాంటా సాబూ అదే చేశాడు. కాని ఆ బాటన పొయ్యిలోకి కట్టె లేని పేదవాళ్ళు నడుస్తారు. ఎండిన కంప వాళ్ళకు కట్టె. ఈయన కప్పటం, వాళ్ళు ఎత్తుకుపోవటం. ఒక పొద్దున ఆయన పోయేసరికి కాళ్ళ దిక్కున మట్టి తవ్వి ఉంది. లోపలిదాకా పోలేదు. ఆయన మట్టి పూడ్చి, ఫ్యాక్టరీకి వచ్చి, సాయంత్రం దాకా బండ్లు తూచాడు. ఆ సంగతి ఆపాకు చెప్పలేదు. మా ఆయనకు చెప్పాడు, మా ఆయన నాకు చెప్పాడు, నేను ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

సిమెంటుతో కట్టించరాదా అని మా ఆయన అడిగాడు. గోరీ మీద గట్టిది కట్టడం ఆయనకు సమ్మతం కాదు. "మట్టి మీద మట్టే ఉండాలె" అన్నాడు. మట్టికి కాపలా మాత్రం కావాలి. మేక మేయనిది, కట్టెకు కొట్టుకుపోలేనిది, ముట్టుకుంటే ఏడిపించేది ఏదైనా.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ మేనేజరు బంగళాలో కొత్త దొరసాని దిగింది. పాత దొర నీలగిరుల నుంచి తెప్పించి పెంచిన సూదుల చెట్లు కంచె పొడుగునా ఉండేవి. మేం అలాగే అనేవాళ్ళం, సూదుల చెట్లని. కొన్ని ఎర్రగా పూసేవి, కొన్ని తేనె రంగు. వాటికి తగులుకొని దొరసాని చీర చిరిగింది. అన్నీ పీకించి గోడ అవతల పారేయించింది. పారేసినవి తెచ్చుకుంటే తీసుకున్నట్టు కాదు కదా అని మా ఆయన్ని అడిగాడట కాంటా సాబు, పెద్ద ధర్మసందేహం. కాదని మా ఆయన అన్నాకే తడి గోనెలో చుట్టి సైకిలు మీద తెచ్చుకున్నాడు. చేతులు రెండూ నెత్తురు చారలు. ఆపా ఏడుస్తూ పసుపు అద్దింది.

తెచ్చినవాటిలో రెండే బతికాయి. తల దిక్కు ఎర్రది, కాళ్ళ దిక్కు తేనె రంగుది. రోజూ డ్యూటీకి ముందు సైకిలుకు డబ్బా కట్టుకుని పోయి నీళ్ళు పోసేవాడు. రెండో ఏటికి కొమ్మలు ఒకదానిలోకొకటి పోయి గోరీ మొత్తాన్ని కప్పేశాయి. మేకలు మూతి పెట్టి తుమ్మి పోయేవి. కట్టెలవాళ్ళు ఒకసారి ముట్టుకుని మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ రోజుల్లోనే. గోడ మీదుగా చెయ్యి చాపి కొత్త గీతలు చూపించాడు. "సూడమ్మా, నన్ను గూడ దగ్గరికి రానిస్తలేదు" అన్నాడు. అంత గర్వంగా ఎవరైనా గాయాలు చూపించడం నేనెరుగను.

ఆపా ఆ చెట్లను చూడలేదు. వాళ్ళలో ఆడవాళ్ళు ఖబరస్తానుకు పోరు. నేను పుట్టింటికి పోయే బాట అదే కాబట్టి నేను చూసేదాన్ని. తిరిగి రాగానే ఆమె అడిగే మొదటి మాట, "పూసినయా చెల్లె?" అని. పూశాయనేదాన్ని. "ఎట్లున్నయి?" ఎర్రగా, పోగులు పోగులుగా, తేనెపిట్టలు వాలుతున్నాయి ఆపా అనేదాన్ని. "అయితే దానికి తోడున్నయి" అనేది. ఆయన్ని ఒక పువ్వు తెమ్మని ఎంత అడిగినా తేలేదు. బిడ్డ దగ్గరిది కోసుకురావటానికి ఆయనకు చెయ్యి రాలేదు.

మా దిక్కు రైతుకు ఒక అలవాటు ఉంది. చెరుకు దింపిన బండి వట్టిగా ఇంటికి పోదు. ఫ్యాక్టరీలో రసం వడగట్టగా మిగిలే నల్లటి మడ్డి ఎత్తుకుపోతుంది. పులిసిన వాసన, వేడి వేడిగా ఉంటుంది. పొలానికి అంతకంటే బలం లేదని మా నమ్మకం. కందికైనా కాకరకైనా అదే. బీడు నేలలో మడ్డి తోలి పంటలు తీసినవాళ్ళను కళ్ళతో చూశాం, నమ్మక ఏం చేస్తాం.

ఆ ఏడు సీజనులో నేను బాపు బండి మీద పుట్టింటికి పోతున్నాను. మా ముందు రెంజల్ ముసలి రైతు ఒకాయన బండి. ఖబరస్తాను దగ్గరికి వచ్చేసరికి కాంటా సాబు చెట్ల దగ్గర డబ్బాతో ఉన్నాడు. ముసలాయన బండి ఆపాడు. ఆ ముసలాయన చేత కూడా కాంటా సాబు ఎన్నోసార్లు చెరుకు ఒలిపించాడు.

"సాబ్, గీ సెట్లకు జరంత మడ్డెయ్యనా?" అన్నాడు.

చేతులు వెనక్కి పోయాయి. "వద్దు పెద్దాయనా."

"నీకు గాదు సాబ్. నీకిస్తె తీస్కోవని మా అందర్కి ఎర్కనే. గిది బిడ్డకు."

కాంటా సాబు తల తిప్పి గోరీ వైపు చూశాడు. తర్వాత ఆ చేతులు ముందుకు వచ్చాయి. ముసలాయన గంప అందిస్తే రెండు చేతులా అందుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో రాళ్ళు ఏరి పారేస్తూ, తల దిక్కు చెట్టుకూ కాళ్ళ దిక్కు చెట్టుకూ తానే పరిచాడు. మా బాపు తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. చాలా దూరం పోయాక, "మంచోడే పాపం" అన్నాడు. ఒలుచుకున్న చెరుకు కథ ఆ రోజుతో మా ఇంట్లో ఆగిపోయింది.

నేను పుట్టింటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు చూస్తే ఆకులు పసుపుబారాయి. ఆపా అడిగితే ఎండలు ముదురుతున్నాయి కదా అన్నాను. కాంటా సాబుకూ కనిపించింది. బలం చాలలేదనుకున్నాడు. ఆయనే కాదు, మేమందరం అదే అనుకున్నాం. మా ఆయన కళ్ళారా చూసి చెప్పిన మాట ఇది. కాంటా దగ్గర బండ్లన్నీ వరసలో ఉండగా ఆయన తన గది నుంచి దిగి, ఆ ముసలాయన బండి దగ్గరికి నడిచి, "పెద్దాయనా, ఇంకో గంపెడు దొరుకుతదా?" అని అడిగాడట. ఎవరి దగ్గరా మంచినీళ్ళు కూడా అడగని మనిషి. బండ్లవాళ్ళు మెడలు తిప్పి చూశారట.

"గంపెందుకు సాబ్, బండెడు పోస్త" అన్నాడు ముసలాయన. పోశాడు కూడా.

ఎండలు ముదరకముందే ఎర్రది పోయింది. దాని వెనకే రెండోది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి, కొమ్మలు పుల్లలయ్యాయి. పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకోనివాళ్ళు ఎండాక చేతులకు గుడ్డలు చుట్టుకుని వచ్చి నరుక్కుపోయారు. వాళ్ళను మాత్రం ఏమనగలం, పొయ్యి వెలగాలి కదా. వానాకాలం నిజాంసాగర్ కాలువ నీళ్ళు చెరుకు తోటలు నిండి దిబ్బ మీదికి ఎక్కాయి. నీళ్ళు తీశాక నేలంతా ఒకటే చదును. ఆ ఏడు చాలా ఇళ్ళలో పిల్లలు పోయారు, కొత్త గోరీలు చాలా వచ్చాయి.

ఆ తర్వాత ఒకసారి నేను బండి మీద పోతూ ఆయన్ని చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని దిబ్బ మీద నడుస్తున్నాడు. ఒకచోట ఆగుతాడు, తల వంచి చూస్తాడు, ఇంకోచోటికి పోతాడు. మళ్ళీ మొదటిచోటికి వస్తాడు. ఎన్నో వేల బండ్లను ఇది ఇంతని తేల్చి చెప్పినవాడికి తన బిడ్డ ఎక్కడుందో తేలలేదు. నేను బండి దిగలేదు. 

ఆ వారంలోనే గోడ దగ్గర నాతో తానే మాట్లాడాడు. "ఒక్కసారి చెయ్యి చాపిన అమ్మా. ఒక్కసారైతే మాఫీ ఉండునేమో. రెండోసారి నేనే పొయ్యి అడిగిన." అంతే అన్నాడు. మడ్డి సంగతి కాదు, చెట్ల సంగతి కాదు, తన చేతుల సంగతి. అలా అనకండి అన్నాను. 

రెంజల్ ముసలాయన లెక్క ఇంకొకటి. "నా చెయ్యి మంచిది గాదు" అని మా బాపుతో అన్నాడట. ఆ ఏటి నుంచి ఆయన మడ్డి ఎత్తలేదు, బతికినన్నాళ్ళూ వట్టి బండి తోలుకుపోయాడు. కాంటా దగ్గర ఇద్దరూ ఎదురుపడితే ఒకరు బండి వైపు చూసేవారు, ఒకరు తూకం ముల్లు వైపు చూసేవారు. ఇద్దరు మంచివాళ్ళు చెరో పాపం మోసుకుని తిరిగారు. అది పాపమే కాదని చెప్పగల నర్సరీవాడు అప్పుడు బెంగుళూరులో ఉన్నాడు.

నౌకరీ అయిపోయాక కాంటా సాబు నిజామాబాదులో ఆపా తమ్ముడింటికి మారాడు. ప్రాణం పోయేముందు ఒకటే కోరాడట, బిడ్డ పక్కన పెట్టమని. పోయాక ఆయన్ని బోధన్ తెచ్చారు. బిడ్డ గోరీ ఎక్కడో చూపించేవాళ్ళు లేరు. ఆపా నా దగ్గరికి మనిషిని పంపింది, చెల్లె చూసింది, చెల్లెకు తెలుసునని. నేను పోయి బాట మీద నిలబడ్డాను. చెట్లు ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని చూపించేదాన్ని. ఇప్పుడు ఎటు చూసినా మొరమే. నాకు తెలియదయ్యా అన్నాను. ఖాళీ ఉన్నచోట పెట్టారు. మీద తుమ్మకంప కప్పారు.

హైదరాబాదు నుంచి వస్తూ నిజామాబాదులో దిగాను. ఆపా తమ్ముడింటి వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఆనడం లేదు. నర్సరీవాడు చెప్పిందంతా చెప్పాను. చెబితే తేలికవుతుందనుకున్నాను. ఆయన చేతుల దోషం కాదు ఆపా, ఆ చెట్టు జాతే అంత, మడ్డి పడదు అన్నాను.

ఆమె మంచం పట్టె మీద చెయ్యి ఆనించి నా వైపు తిరిగింది.

"గునా అనుకున్నడు ఆయన, పాపం జేసిన అనుకున్నడు. దినాం నమాజుల తోబా చేసిండు, తప్పైందని అల్లాకు మొక్కిండు. మాఫీ దొర్కుతదని ఆశ ఉండె" అంది. "నువ్వు జెప్పినట్టయితే ఆయన చేసింది గునా గాదు. బిడ్డకు అన్నం పెట్టిండు, గంతే. దానికి తోబా ఎట్ల చేస్తరు చెల్లె?"

 చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది, కాని చెప్పేశాను. ఏం చెయ్యాలో తోచక రుమాలు విప్పాను. పువ్వు వాడిపోయింది, రంగు మాత్రం ఉంది. "ఇదే ఆపా, తల దిక్కున్నది" అని ఆమె చేతిలో పెట్టబోయాను.

ఆమె వంగి, కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. ముట్టుకోలేదు. రెండు చేతులూ మెల్లగా వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఆయన తేలే. నీ దగ్గర నేనెట్ల తీస్కుంట?" అంది.

రుమాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. చాయ్ తాగి పొమ్మంది. తాగి, బోధన్ బస్సెక్కాను.